ఫార్మాట్ కొట్టించినా సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ స్లోగానే ఉందా?

సెకండ్ హ్యాండ్‌లో ల్యాప్‌టాప్ కొని, విండోస్ కొత్తగా వేయించాక కూడా క్రోమ్ తెరవడానికే నిమిషం పడుతుంటే, దయచేసి మళ్లీ ఫార్మాట్‌కి ఇవ్వకండి. విజయవాడ గవర్నర్‌పేటలో కొన్నా గుంటూరు బ్రాడీపేటలో కొన్నా సంగతి ఇదే: శుభ్రంగా వేసిన విండోస్ స్లోగా ఉంటే లోపం చాలావరకు మెషీన్‌లోనే ఉంటుంది, అది ఎక్కడుందో ఇంట్లో కూర్చునే కనిపెట్టొచ్చు.

ముందు ఒక రాత్రి దాన్ని వదిలేయండి. కొత్త విండోస్ మొదటి కొన్ని గంటలు వెనకాల అప్‌డేట్లు దించుకుంటూ, వైరస్ స్కాన్ చేసుకుంటూ, ఫైళ్లన్నీ ఇండెక్స్ చేసుకుంటూ ఉంటుంది, అప్పుడు ఏ మెషీన్ అయినా నత్తనడకే. స్లీప్ ఆపేసి, చార్జర్ పెట్టి, వైఫై ఆన్‌లో ఉంచి పడుకోండి. ఫోన్ హాట్‌స్పాట్ వద్దు, రోజు డేటా అంతా అప్‌డేట్లకే పోతుంది.

పొద్దున రీస్టార్ట్ చేసి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ చూడండి. ఏమీ తెరవకుండానే డిస్క్ 100 శాతం దగ్గర ఉండిపోయి, అది పాత హార్డ్ డిస్క్ అయితే ఇక వెతకక్కర్లేదు, దాని బదులు ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, వేయించండి, చదువుకునే పిల్లలకి 256 జీబీ చాలు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఒకసారి నడపండి, అందులో పసుపు రంగులో కాషన్ అని వస్తే డిస్క్ పోయే దారిలో ఉందని, ముందు ఫోటోలు, ప్రాజెక్టు ఫైళ్లు వేరేచోటికి కాపీ చేసుకోండి. ర్యామ్, అంటే నడుస్తున్న ప్రోగ్రాములు వాడుకునే మెమరీ, 4 జీబీయే ఉంటే 8 చేయించండి, కాకపోతే కొన్ని మోడళ్లలో అది బోర్డుకే అతికించి ఉంటుంది, కనుక్కుని వెళ్లండి.

డిస్క్, ర్యామ్ రెండూ బాగానే ఉన్నా స్లో అయితే అదే టాస్క్ మేనేజర్‌లో సీపీయూ, అంటే ప్రాసెసర్, పేజీలో స్పీడ్ అనే అంకె చూడండి. దీన్ని చాలామంది పట్టించుకోరు, నాకు బాధ అనిపించేది ఇక్కడే, ఎందుకంటే దీనివల్లే మంచి ల్యాప్‌టాప్‌లని పాడైపోయాయనుకుని సగం ధరకి అమ్మేస్తున్నారు. గట్టిగా పని చేయిస్తున్నప్పుడు కూడా ఆ అంకె 0.8 గిగాహెర్ట్జ్ దాటకపోతే ముందు చార్జర్‌ని అనుమానించండి. డెల్ లాంటి కంపెనీల ల్యాప్‌టాప్‌లు చార్జర్ ఎన్ని వాట్లదో గుర్తుపట్టలేకపోతే ప్రాసెసర్ వేగాన్ని వాటంతట అవే తగ్గించేసుకుంటాయి, సెకండ్ హ్యాండ్‌తో వచ్చేవేమో ఎక్కువగా లోకల్ చార్జర్లు. అదే మోడల్ ఉన్న ఫ్రెండ్ దగ్గర ఒరిజినల్ చార్జర్ తెచ్చి పెట్టి చూస్తే తేలిపోతుంది.

అలా కాకుండా స్పీడ్ మొదట బాగానే ఉండి పది నిమిషాలకి పడిపోతుంటే అది వేడి. మే నెలలో బెజవాడ ఎండకి గదే కాలిపోతుంటుంది, దానికి తోడు ఫ్యాన్‌లో ఏళ్ల దుమ్ము, ప్రాసెసర్ వేడిని బయటికి పంపడానికి దాని మీద రాసే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటే ప్రాసెసర్ తనని తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది. సర్వీసు షాపులో విప్పించి దుమ్ము దులిపించి, పేస్టు కొత్తది వేయించండి, పరుపు మీద పెట్టి వాడటం మానేయండి.

వీడియోలు మాత్రమే తడబడుతుంటే డివైజ్ మేనేజర్‌లో డిస్‌ప్లే దగ్గర మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉందేమో చూడండి, ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే బొమ్మ చూపించే భాగాన్ని విండోస్‌తో పని చేయించే సాఫ్ట్‌వేర్, పడలేదని. ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ వెతికి గ్రాఫిక్స్, చిప్‌సెట్ డ్రైవర్లు అక్కడి నుంచే దించుకోండి, డ్రైవర్లన్నీ ఒకేసారి వేస్తామనే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు, వాటితోపాటు అక్కర్లేనివన్నీ దిగుతాయి.

ఇవన్నీ షాపువాళ్లు ఇచ్చిన గ్యారంటీ గడువు లోపే చూసుకోండి. డిస్క్ కాషన్ చూపించినా, స్పీడ్ పెరగకపోయినా స్క్రీన్ ఫోటో తీసుకుని వెళ్లి చూపించండి, స్లోగా ఉందని నోటితో చెబితే మళ్లీ ఫార్మాట్ కొట్టి పంపించేస్తారు.