ప్లాటినం మీద ఆక్సిజన్ – 4వ పాఠం: అధిశోషణ శక్తి

గత పాఠంలో కట్టిన ప్లాటినం (111) స్లాబ్ ఫైలు తెరవండి. స్లాబ్ అంటే ఉపరితలానికి నమూనాగా పేర్చిన కొన్ని పరమాణు పొరలు; (111) అనేది స్ఫటికాన్ని ఏ దిశలో కోశామో చెప్పే గుర్తు. 2×2 సెల్, నాలుగు పొరలు, 16 పరమాణువులు. కింది రెండు పొరలు కదలకుండా బిగించాం, పైన 15 ఆంగ్‌స్ట్రామ్‌ల ఖాళీ వదిలాం. లాటిస్ స్థిరాంకం (స్ఫటికంలో పదే పదే వచ్చే గడి అంచు పొడవు) పీబీఈ ఇచ్చిన 3.97 ఆంగ్‌స్ట్రామ్‌లే ఉండాలి. పీబీఈ అంటే ఎలక్ట్రాన్ల శక్తిని ఉజ్జాయింపుగా లెక్కగట్టే ఒక సూత్రం. ప్రయోగంలో కొలిచిన 3.92 పెడితే స్లాబ్ నొక్కుకుపోయి, ఆక్సిజన్ పట్టు మారిపోతుంది.

ఇవాళ ఒకటే లెక్క: అధిశోషణ శక్తి, అంటే ఆక్సిజన్ ప్లాటినంకి ఎంత గట్టిగా అతుక్కుందో చెప్పే అంకె. ఆక్సిజన్ కూర్చున్న స్లాబ్ శక్తిలోంచి ఖాళీ స్లాబ్ శక్తిని, ఆక్సిజన్ అణువు శక్తిలో సగాన్ని తీసేయాలి. రుణసంఖ్య వస్తే అతుక్కున్నట్టు. జవాబు తేడాగా వస్తే చాలామంది ప్లాటినం వైపే రోజుల తరబడి వెతుకుతారు. తప్పు ఎక్కువగా ఉండేది మాత్రం రెండే పరమాణువులున్న ఆ అణువు దగ్గర. అందుకే దానితో మొదలుపెడదాం.

ఈ లెక్కలు చేసే ప్రోగ్రాం క్వాంటమ్ ఎస్ప్రెస్సోలో 12×13×14 ఆంగ్‌స్ట్రామ్‌ల పెట్టె, కే-బిందువుల్లో (ఎలక్ట్రాన్ తరంగాలను లెక్కగట్టే నమూనా బిందువుల్లో) గామా బిందువు ఒక్కటే, బంధం పొడవు 1.21తో మొదలు. ఆక్సిజన్ అణువులో జతకూడని ఎలక్ట్రాన్లు రెండు. కాబట్టి ఇన్‌పుట్ ఫైలులో స్పిన్ సెట్టింగులు ఎన్‌స్పిన్ 2, టాట్_మాగ్నెటైజేషన్ 2 ఇవ్వాలి. ఇవి మరిచిపోయినా ప్రోగ్రాం ఏ హెచ్చరికా చెయ్యదు, చక్కగా ముగుస్తుంది. అణువు శక్తి మాత్రం సుమారు 1 ఎలక్ట్రాన్ వోల్టు పైకి పోతుంది. మనం సగం తీసుకుంటాం గనుక, అతుకుకి లేని బలం అర ఎలక్ట్రాన్ వోల్టు మేర వచ్చి చేరుతుంది. ఫలితాల ఫైలులో టోటల్ మాగ్నెటైజేషన్ పక్కన 2.00 కనబడ్డాకే ముందుకు కదలండి.

స్పిన్ సరిపోయినా ఇంకో చిక్కుంది. ఈ అణువు బంధాన్ని పీబీఈ అతిగా బిగిస్తుంది: ప్రయోగంలో 5.2 ఎలక్ట్రాన్ వోల్టులైతే, పీబీఈలో 6.2 దాకా. దీన్ని తప్పించుకోడానికి నీటిని, హైడ్రోజన్‌ని లెక్కగట్టి, నీటి స్వేచ్ఛా శక్తికి రెండింతల్లోంచి హైడ్రోజన్‌ది రెండింతలు తీసి, 4.92 ఎలక్ట్రాన్ వోల్టులు కలిపి, ఆక్సిజన్ అణువు స్వేచ్ఛా శక్తిని రాబడతారు. నీటి ఆవిరి పీడనం 0.035 బార్, ఉష్ణోగ్రత 298 కెల్విన్. ఈ దారి పట్టినవాళ్లు శూన్యబిందు శక్తి (అతి తక్కువ స్థితిలోనూ మిగిలే కంపన శక్తి), ఎంట్రోపీ సవరణలు వదిలేయకూడదు. పోలికకు మాత్రం ఇవాళ మామూలు సగం అణువుతోనే సాగుదాం.

ఇక ఉపరితలం. మూడు ప్లాటినం పరమాణువుల మధ్య గుంతలో, 1.2 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎత్తున ఒక ఆక్సిజన్ పెట్టండి. గుంతలు రెండు రకాలు: సూటిగా కింద రెండో పొర పరమాణువు ఉంటే హెచ్‌సీపీ, లేకపోతే ఎఫ్‌సీసీ. మనకు ఎఫ్‌సీసీ కావాలి. పరమాణువును కచ్చితంగా నడిమధ్యన కాక, 0.1 ఆంగ్‌స్ట్రామ్ పక్కకి జరిపి వదలండి. సౌష్ఠవం ఉన్న చోట పక్కబలాలు సున్నా అయిపోయి, చోటు తప్పైనా ఆక్సిజన్ అక్కడే కూర్చుండిపోతుంది.

కే-బిందువులు 6×6×1, స్మియరింగ్ (లోహంలో ఎలక్ట్రాన్ల నింపకాన్ని కాస్త మెత్తబరచడం) 0.02 రిడ్బర్గ్, కటాఫ్ (లెక్కలోకి తీసుకునే తరంగాల శక్తి హద్దు) 50 రిడ్బర్గ్. ఖాళీ స్లాబ్‌కీ అచ్చంగా ఇవే. అణువుకూ కటాఫ్ 50 రిడ్బర్గే. ఆక్సిజన్ ఒక వైపే ఉంది కాబట్టి స్లాబ్ రెండు వైపుల మధ్య విద్యుదావేశ తేడాను సరిచేసే ద్విధ్రువ సవరణ పెట్టండి. రిడ్బర్గుల్లో వచ్చిన ఫలితాన్ని 13.606తో గుణిస్తే ఎలక్ట్రాన్ వోల్టులొస్తాయి. జవాబు మైనస్ 1కీ మైనస్ 1.3కీ మధ్య, ప్లాటినం–ఆక్సిజన్ దూరం 2.05 దగ్గర రావాలి. అదే ఆక్సిజన్‌ని హెచ్‌సీపీ గుంతలో పెట్టి మళ్లీ నడిపితే, పట్టు సుమారు 0.4 తగ్గాలి. రెండు గుంతలూ ఒకే అంకె ఇస్తే, ఆక్సిజన్ జారి ఒకే చోటికి చేరిందన్నమాట. పరమాణువుల చివరి నిరూపకాలు తెరిచి చూడండి.