యూఎస్‌బీ బోర్డు కాలిపోతోందా? ముందు వోల్టేజీ చూడండి

సమస్య: ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్) బోర్డు పనిచేస్తూనే ఉంది, కానీ దాని మీదున్న, 5 వోల్టుల్ని 3.3కి తగ్గించే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ మీద వేలు పెట్టలేకపోతున్నాం.

మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టి 5 వోల్టుల పిన్ను చూడండి. 5కి కాస్త అటూఇటూ ఉంటే (బోర్డులో డయోడు ఉంటే 4.7 దాకా తగ్గొచ్చు) 3.3 లైన్లో షార్ట్ ఉందేమో వెతకాలి. 9 గానీ 12 గానీ చూపిస్తే వెంటనే ప్లగ్ తీసెయ్యండి. ఈ రెగ్యులేటర్ మిగులు వోల్టేజీనంతా వేడిగా మారుస్తుంది. వైఫై నడుస్తూ 200 మిల్లీఆంపియర్లు లాగితే, 5 వోల్టుల దగ్గర ఆ వేడి 0.34 వాట్లు, 12 దగ్గర 1.74 వాట్లు. రెగ్యులేటర్ షార్ట్ అయిందంటే 3.6 దాటకూడని చిప్‌కి 12 వోల్టులూ వెళ్లిపోతాయి.

కారణం: చాలామంది మొదట టైప్-సీ చార్జర్‌నే అనుమానిస్తారు. మంచి పీడీ చార్జర్ (పరికరం అడిగిన వోల్టేజీ ఇచ్చేది) అడిగితే తప్ప 5 దాటదు. అడిగేది మనం పెట్టిన ట్రిగ్గర్ బోర్డు, ఎంత అడగాలో నిర్ణయించే దాని జంపర్ చూడండి. వోల్టేజీ తగ్గించే ఎల్‌ఎం2596 బక్ మాడ్యూల్ వాడుతుంటే, స్క్రూ తిప్పి 5కి సెట్ చేశాకే బోర్డుకి కలపాలి. అందులో స్విచ్ షార్ట్ అయినా 12 నేరుగా వచ్చేస్తుంది.

పరిష్కారం: ప్లస్ లైన్లో ముందు అర ఆంపియర్ పాలీఫ్యూజ్ (కరెంటు ఎక్కువైతే వేడెక్కి అడ్డుకుని, చల్లారాక మళ్లీ పనిచేసే ఫ్యూజ్), దాని తర్వాత ప్లస్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 5.6 వోల్టుల జెనర్ (వోల్టేజీ అంతకు మించకుండా ఆపే డయోడు), గీత ఉన్న కాలు ప్లస్‌కి. రెండూ ఉండాల్సిందే. ఫ్యూజ్ ఒక్కటే ఉంటే అది వోల్టేజీని పట్టించుకోదు, జెనర్ ఒక్కటే ఉంటే కాలిపోతుంది. ఫ్యూజ్ అడ్డుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, అప్పటిదాకా భారమంతా జెనర్ మీదే. అందుకే 1 వాటుది వద్దు, 5 వాట్ల 1ఎన్5339బీ తీసుకోండి. పాలీఫ్యూజ్ మీద వోల్టేజీ రేటింగ్ కూడా చూడండి. చిన్నవాటిలో చాలావరకు 6 వోల్టులకే పనికొస్తాయి, 12 రావచ్చనుకుంటే 16 వోల్టులది కావాలి.

సమస్య: మీటరు 5 చూపిస్తోంది, అయినా ప్లగ్ పెట్టగానే సెన్సార్ పోతోంది.

ఇది మీటరుకి దొరకదు. పొడవైన కేబుల్, బోర్డులోని సిరామిక్ కెపాసిటర్ కలిసి మైక్రోసెకన్ల పాటు వోల్టేజీని దాదాపు రెట్టింపు చేయగలవు. ఇలాంటి క్షణికమైన వోల్టేజీ పోటుని అడ్డుకునే ఎస్‌ఎంబీజే5.0ఏ టీవీఎస్ డయోడు పెట్టండి. అడాప్టర్‌తో నడిపేదైతే 47 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ కూడా కలపండి. ల్యాప్‌టాప్ పోర్టుకైతే వద్దు, అక్కడ పరిమితి 10 మైక్రోఫారడ్లే.

అన్నీ అతికించాక బోర్డు కలపకుండానే బెంచ్ సప్లైతో (వోల్టేజీ మార్చుకోగల పవర్ సప్లై) మెల్లగా 7 వోల్టుల దాకా పెంచి చూడండి. అవుట్‌పుట్ 6 చుట్టుపక్కలే ఆగాలి.