ఇంటి చరిత్ర రాద్దాం – మూడో పాఠం: ఏడాది తెలియని సంగతికి ఏడాది కట్టడం

పోయిన పాఠంలో ఇంటి పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేశాం. ఇప్పుడు తిరిగి వినండి. గంటసేపు విన్నా ఒక్క సంవత్సరం దొరకదు. "ఆ ఏడు", "మీ అత్త పెళ్ళికి ముందు", అంతే. అలాగని "ఏ సంవత్సరం మామ్మా?" అని అడక్కండి. మీ పోరు పడలేక ఏదో ఒక అంకె చెప్పేస్తుంది. అది పుస్తకంలోకి ఎక్కిందంటే ఇక దిగదు.

ఆ సంగతి పక్కన ఇంకేం జరిగిందో అడగాలి. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక మామ్మ ఇలా అందనుకోండి:

"దసరాల్లో తుపానొచ్చి వంటసాల పడిపోనాది."

ఈ ఒక్క మాటకు మన వైపు మూడు తుపాన్లు పోటీకొస్తాయి. 1999 అక్టోబర్ 17న గంజాం తీరాన్ని కొట్టినదొకటి, 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను ముంచిన తిత్లీ. మూడూ నవరాత్రుల్లోనే!

"అప్పుడు నాన్న ఎక్కడున్నాడు?"

"సూరత్‌లో, మగ్గాల కాడ. లైన్లు బాగయ్యాక కొట్టోళ్ళింటికి ఫోన్ చేసినాడు. నాను పరిగెట్టుకెళ్ళినాను."

పక్కింటి ఫోనుకు పరుగెత్తిందంటే ఇంట్లో సెల్ లేని రోజులన్నమాట. పెన్సిలుతో "బహుశా 1999" అని రాసి, పక్కనే ఎందుకనుకున్నారో కూడా రాయండి. రేపు మీ మేనత్త వేరేగా చెబితే దిద్దుకోవచ్చు.

డబ్బు మాటలతో జాగ్రత్త. నయా పైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. అయినా పాతిక పైసల బిళ్ళను 2011లో రద్దయ్యేదాకా పావలా అనే అన్నాం. కాబట్టి పావలా సాక్ష్యం చెల్లదు. నయా పైసలకు ముందటి దమ్మిడీ, కానీ నాణేలు పెట్టి కొన్నామంటే మాత్రం చెవులు రిక్కించండి.

పాత కవర్లు దొరికితే చిరునామా కంటే పోస్టు ముద్ర నమ్మకం. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా గంజాం నుంచి విడిపడి ఏర్పడింది 1992 అక్టోబర్ 2న. అలవాటు కొద్దీ ఆ తర్వాత కూడా "గంజాం జిల్లా" అనే రాసినవాళ్ళుంటారు. ఒరిస్సా ఏర్పడిన 1936 ఏప్రిల్ 1కి ముందు కూడా గంజాం జిల్లానే, కాకపోతే మద్రాసు ప్రెసిడెన్సీలో.

తెలుగు సంవత్సరం పేరు చెప్పారా, మీ పంట పండినట్టే. ఆ పేరు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది. చిత్రభాను అంటే 1942 లేదా 2002. "తాత రంగం నుంచి నడిచొచ్చిన చిత్రభాను" ఏదో వేరే చెప్పక్కర్లేదు: యుద్ధానికి జనం రంగం (బర్మాలోని రంగూన్) వదిలి నడిచొచ్చింది 1942లోనే. ఆ తెలుగు ఏడాది చివర, జనవరి నుంచి తర్వాతి ఉగాది దాకా నెలలైతే అంకె ఒకటి పెరుగుతుంది: 1943.

ఈ వారం పని: అటక మీది ఇత్తడి, స్టీలు సామాను దించండి. పెళ్ళి బిందెల అంచున పేరు, తేదీ కొట్టించి ఉంటారు. చింతపండుతో తోమితేగాని కనబడవు. దొరికిన ప్రతి తేదీకీ ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అని మామ్మను అడిగి, రెండు వరుసల్లో రాసుకురండి.