నమూనా కారు కొనే ముందు చూడవలసినవి

నల్లగొండ, మహబూబ్‌నగర్ వంటి పట్టణాలలో మేలైన నమూనా కార్లను, అంటే అసలు కార్ల చిన్న ప్రతిరూపాలను, చేతిలోకి తీసుకొని చూసే వీలు తక్కువ కనుక, ఆన్‌లైన్‌లో కొనేవారు దగ్గరి నుంచి తీసిన ఫోటోలను అమ్మేవారి వద్ద తప్పక అడగాలి.

ముందుగా స్కేలును, అంటే నమూనా అసలు కారులో ఎన్నో వంతు ఉండాలన్నది, నిర్ణయించుకోవాలి. దాదాపు 4.3 మీటర్ల పొడవున్న అంబాసిడర్ 1:18 స్కేలులో 24 సెంటీమీటర్లు, 1:43లో 10, 1:64లో సుమారు 7 సెంటీమీటర్లు ఉంటుంది.

నాణ్యతలో మొదట చూడవలసినది మొత్తం ఆకృతి. పైకప్పు వంపు తప్పితే మిగిలిన పనితనమంతా వృథా. తలుపుల చుట్టూ సందులు సన్నగా, సమానంగా ఉన్నాయా, మందపు రంగు చిన్న గీతలను పూడ్చివేసిందా, గ్రిల్ కడ్డీలను విడిగా మలిచారా లేక నల్లరంగు మాత్రమే పూశారా అన్నది పరిశీలించాలి. హెడ్‌లైట్ల నడుమ బిగింపు పిన్ను చుక్కలా కనిపిస్తే అది చవకరకం పని. తలుపులు తెరుచుకోవడమే గొప్ప కాదు. తెరుచుకోని రెజిన్ (అచ్చులో పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ వంటి పదార్థం) నమూనాలలో ఎంతో సూక్ష్మమైన పనితనం ఉన్నవి నేను ఇష్టంగా ఎంచుకుంటాను.

డైకాస్ట్ కార్లను జింకు మిశ్రమంతో పోత పోస్తారు. అందులో సీసం వంటి మలినాలు కలిస్తే లోహం ఏళ్ల తరబడి లోలోపల పగులుతుంది, దానికి మరమ్మతు లేదు; కాబట్టి పాత నమూనాలలో వెంట్రుకవాసి పగుళ్లను, ఉబ్బులను వెతకాలి. తేమ, వేడి ఆ పగుళ్లను త్వరపరుస్తాయి. మన ప్రాంతపు ఎండలకు నమూనాలను ఉంచడానికి పడమటి గోడ అల్మారా పనికిరాదు.