తలుపులికిపాటు నుంచి తుమ్మాశాభంగం దాకా: చిన్న చిరాకులకు పేర్లు పెట్టే పద్ధతి

తలుపు తీద్దామని గడియ మీద చెయ్యి వేస్తాం. సరిగ్గా అప్పుడే అవతలి మనిషి తలుపు లాగుతాడు. ఎదురుగా మొహం కనబడేసరికి ఇద్దరూ చెరో అడుగు వెనక్కి వేస్తారు. ఈ అరసెకను గాభరాకి వాడుకలో పేరు లేదు. 'తలుపు' పక్కన 'ఉలికిపాటు' పెట్టి గబగబా పలకండి: తలుపులికిపాటు. 'తలుపు' చివరి ఉకారం జారిపోయి, ఉత్వసంధి తన పని తాను చేసుకుపోయింది. వినేవాడికి అర్థం చెప్పక్కర్లేదు, ఉలికిపాటు లోపలే ఉంది.

ఇలాంటి మాటలు గాల్లోంచి ఊడిపడవు. వాటికి కావాల్సిన సంధులూ ప్రత్యయాలూ పాత మాటల మూసలూ మనం రోజూ వాడుతున్నవే. దేన్ని ఎక్కడ తగిలించాలో తెలిస్తే చాలు.

చిరాకును సన్నగా తరగండి

'ఫోనుతో చిరాకు' అంటే పేరు పుట్టదు, అది మరీ పెద్ద ముద్ద. 'తెలియకుండా ఎవరికో కాల్ వెళ్లింది' అంటే కాస్త నయం. 'ఫోను జేబులోంచి తీస్తుంటే వేలు తగిలి, రెండేళ్లుగా మాటల్లేని మనిషికి కాల్ వెళ్లింది. కట్ చేసేలోపే ఒక రింగు మోగిపోయింది, మొహం పాలిపోయింది' అన్నప్పుడు గానీ చేతికి పట్టు దొరకదు. ముందుగా ఇలాంటి వాక్యం ఒకటి కాగితం మీద పెట్టండి. అందులో నాలుగు ఉండాలి: ఎవరు, ఏ వస్తువు, ఏ క్షణం, ఆ తర్వాత మొహం ఎలా మారింది. నాలుగోది లేకపోతే అది వట్టి ఫిర్యాదు, నవ్వు రాదు.

ఆ తర్వాత దానికి ఇప్పటికే మాట ఉందేమో చూడండి. ఒంటికి జరిగే చిన్న చిన్న అవస్థల విషయంలో తెలుగుకి లోటు లేదు. మింగుడు అడ్డదారి పడితే పొలమారడం, కంట్లో పడితే నలక, కూర్చునే నిద్రపోతే కునికిపాట్లు. వీటితో పోటీ పడటం దండగ. తెలుగు ఇంకా పేర్లు పెట్టనివి ఎక్కువగా కొత్త వస్తువుల దగ్గరే ఉన్నాయి: తెరలు, లిఫ్టులు, అద్దాల తలుపులు, ప్లగ్గులు, పాస్‌వర్డులు. వేట అక్కడ మొదలుపెట్టండి. అనుమానం వస్తే ఆంధ్రభారతి సైటులో వెతకండి. 1885 నాటి శబ్దరత్నాకరంతో పాటు చాలా పాత నిఘంటువులు అక్కడ ఒకే పెట్టెలో తెరుచుకుంటాయి.

తోక సరిగ్గా ఎంచుకుంటే సగం పని అయినట్టే

తెలుగులో తిప్పలకే పుట్టాయా అనిపించే తోకలు కొన్ని ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక్కో స్వభావం. ఒకటి పెట్టాల్సిన చోట ఇంకోటి పెడితే మాట చప్పబడుతుంది.

'-పాటు' క్షణంలో జరిగిపోయేదానికి. పొరపాటు, ఉలికిపాటు, తొట్రుపాటు, గ్రహపాటు చూడండి, అన్నీ మనం కావాలని చేయనివే. పై వాక్యంలోని ఫోను కాల్‌కి ఇదే సరిపోతుంది. వేలు తగిలింది తెర మీద గనక తెరపాటు. 'పొర'లో రెండక్షరాలు, 'తెర'లో రెండక్షరాలు, రెండిట్లోనూ చివర 'ర'. అందుకే 'తెరపాటున కాల్ వెళ్లిందండీ' అంటే అవతలివాళ్లు ముందు 'పొరపాటున' అనే వింటారు, ఆ తర్వాత నవ్వుతారు. ఆ ఒక్క క్షణం ఆలస్యమే ఈ మాటకి బలం.

'-లాట' సాగేదానికి, మళ్లీ మళ్లీ జరిగేదానికి: తోపులాట, పెనుగులాట, వెతుకులాట. ఇరుకు దారిలో ఇద్దరు ఎదురుపడి, ఇద్దరూ ఎడమకి జరిగి, ఇద్దరూ కుడికి జరిగి, మళ్లీ ఇద్దరూ ఎడమకే వస్తారు. అది జరుగులాట. కేబుల్ పట్టలేదని తిప్పి, అలా కూడా పట్టక ఇంకోసారి తిప్పితే మొదట పెట్టిన వైపే సరిగ్గా దిగుతుంది. అది తిప్పులాట. వీటిని 'జరుగుపాటు', 'తిప్పుపాటు' అని చూడండి, ప్రాణం పోతుంది. ఒక్కసారితో అయిపోయేదానికి '-పాటు', కనీసం మూడుసార్లు జరిగితే '-లాట'. ఈ లెక్క గుర్తుంటే చాలావరకు తప్పు పోరు.

'-పోటు' నొప్పికి. తలపోటు, పంటిపోటు, వెన్నుపోటు ఉన్నాయి కదా. చీకట్లో నడుస్తుంటే కాలి చిటికెన వేలు మంచం కోడుకి తగులుతుంది. కోడుపోటు. వెన్నుపోటులో ఉన్న ద్రోహం ఛాయ దీనికీ అంటుకుంటుంది, ఎందుకంటే మంచం మనదే.

మనుషులకి '-పోతు', '-బోతు'. ఇక్కడ చెవి పెట్టాలి. తిండిపోతు, నిద్రపోతు అంటాం కానీ తాగుబోతు, తిరుగుబోతు అంటాం. ముందున్నది నామవాచకమైతే 'పో', క్రియైతే 'బో' అన్నది చెవికి అలవాటైన తీరు. అందుకని వెలిగిన లిఫ్టు బటన్నే పదేపదే నొక్కేవాళ్లు నొక్కుబోతులు. మీటింగులో మ్యూట్ తీయకుండా ఐదు నిమిషాలు ఉపన్యసించేవాళ్లు మ్యూటుపోతులు. ఆడా మగా తేడా లేకుండా వాడుకోవచ్చు, ఈ తోకకి అదో సుఖం.

ఉన్న మాటలో ఒక్క ముక్క మార్చడం

అన్నిటికంటే తేలిక ఇది. అందరికీ నోట్లో నానుతున్న మాట తీసుకుని ఒక అక్షరమో, ఒక చిన్న ముక్కో మార్చండి. ఇంటర్నెట్ మెల్లగా కదిలితే నత్తనడక కాస్తా నెట్టనడక అవుతుంది. నెత్తి మీదే ఉంచుకుని ఇల్లంతా వెతికే కళ్లజోడు తలజోడు. మార్పు మొదట్లో ఉంటే వెంటనే తెలుస్తుంది. మధ్యలో ఉంటే చాలామంది గమనించకుండా దాటేస్తారు, అచ్చుతప్పు అనుకునే ప్రమాదం కూడా ఉంది. రెండు చోట్ల మార్చారా, పాత మాట గుర్తుపట్టలేరు, పని చెడింది.

పాత మాట అచ్చులో కొత్తది పోయడం కూడా ఈ కోవలోదే. 1957 నాటి మాయాబజార్‌లో పింగళి నాగేంద్రరావు రాసిన 'తస్మదీయులు' దీనికి గొప్ప నమూనా. సంస్కృతంలో అస్మదీయ (మనది) ఉంది, యుష్మదీయ (మీది) ఉంది. 'వాడిది' అనాలంటే తదీయ. తస్మదీయ అన్నది లేదు. అస్మదీయ పక్కన నిలబెడితే మాత్రం ఎప్పటినుంచో ఉన్నట్టే వినిపిస్తుంది. వ్యాకరణం ఒప్పుకోకపోయినా చెవి ఒప్పుకుంటే చాలని దీంతో తేలిపోయింది. ఫోను మధ్యలో తెగిపోయాక ఇద్దరూ ఒకేసారి మళ్లీ చేసుకుని, ఇద్దరికీ బిజీ వస్తుందే, దాన్ని 'ఉభయకుశలోపరి' అచ్చులో పోస్తే ఉభయబిజీపరి. పాత ఉత్తరాలు చదివినవాళ్లకి తప్ప మిగతావాళ్లకి ఇది పేలదు. మీ శ్రోతలెవరో చూసుకుని వాడండి.

రెండు మాటలు ఒక అక్షరం పంచుకుంటే

'మరుపు' చివర పు. 'పుస్తకం' మొదట పు. ఒక పు తీసేస్తే మరుపుస్తకం: సగం చదివి పక్కన పెట్టి, ఎక్కడ ఆపామో, అసలు కథేమిటో కూడా గుర్తులేని పుస్తకం. కలిపిన చోట అతుకు కనబడదు, రెండు మాటలూ పూర్తిగా వినబడతాయి. ఇలాంటిది దొరికితే వదలకండి, ఇవి అరుదు. జపానువాళ్లు కొని చదవకుండా పేర్చేసే పుస్తకాలకి 'త్సుందోకు' అంటారు. పేర్చి ఉంచడం అనే అర్థమున్న మాట చివరని, చదవడాన్ని సూచించే 'దోకు'తో కలిపేసిన శ్లేష అది. కిటుకు ఒకటే.

వెతికే పద్ధతి ఇదీ. చిరాకుకి సంబంధించిన మాటలు ఒక నిలువు వరుసలో పదో పన్నెండో రాయండి: వస్తువు పేరు, చేసిన పని, కలిగిన భావం. పక్కన రెండో వరుసలో అవే మళ్లీ రాయండి. మొదటి వరుసలోని మాటల చివరి అక్షరం, రెండో వరుసలోని మాటల మొదటి అక్షరం కలుస్తాయేమో ఒక్కొక్కటీ చూసుకుంటూ పోండి. కలవకపోతే రెండో వరుసలో అచ్చుతో మొదలయ్యేవి ఏరండి: ఆశ, ఊపు, ఆట, ఉలికిపాటు, ఆవేదన. ఉకారంతో ముగిసే మాటకి అచ్చు తగిలితే సంధి దానంతటదే అతుకు వేస్తుంది. ఇంగ్లీషు మాటలు కూడా తెలుగు నోట్లో చాలావరకు ఉకారం తెచ్చుకుంటాయి కనక (ప్లగ్గు, రిమోటు, లిఫ్టు) అవీ పనికొస్తాయి.

తుమ్ముని చూడండి. వస్తోంది, వస్తోంది అని మొహం పైకెత్తి, కళ్లు సగం మూసి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఆగుతాం. తుమ్ము + ఆశ, తుమ్మాశ. చివరికి రాకుండా పోతుంది. అప్పుడు తుమ్మాశాభంగం. తెలుగు తుమ్ముని సంస్కృత ఆశాభంగంతో ముడివేస్తే వ్యాకరణ పండితులు వైరి సమాసమని కోప్పడతారు. హాస్యానికి అదే కావాలి, అల్పమైన విషయానికి తలపాగా చుట్టినట్టుంటుంది. కాకపోతే ఇది పదిట్లో ఒకటికే పెట్టండి. ప్రతి చిరాకుకీ సంస్కృతం తొడిగితే మూడో మాటకల్లా విసుగొస్తుంది.

మనల్ని చూసే చెయ్యి ఊపుతున్నారనుకుని మనమూ ఊపుతాం, తీరా వాళ్లు పలకరిస్తున్నది మన వెనకున్న మనిషిని. పరాయి + ఊపు, పరాయూపు. ఎత్తిన చేత్తో జుట్టు సవరించుకోవడం కూడా అర్థంలో భాగమే.

'ట్ట' కిటుకు

కడ కడ అన్నది కట్టకడ అవుతుంది, చివర చివర చిట్టచివర, మొదట మొదట మొట్టమొదట. ఆమ్రేడిత సంధి. మొదటి మాటలో తొలి అచ్చు వరకు ఉంచి, మిగతాది తీసేసి 'ట్ట' పెట్టాలి. దీర్ఘం ఉంటే కుదించండి. ఖాళీ → ఖట్టఖాళీ. చార్జరు మర్చిపోయిన రోజు ఫోను బ్యాటరీ, సగం స్నానంలో పైనున్న ట్యాంకు ఖట్టఖాళీ. లేటు → లెట్టలేటు. పాత మాటలు చాలావరకు చోటు, కాలం చెప్పేవే (నడుమ, పగలు, బయలు), అందుకని హద్దు దాటిన స్థితిని చెప్పే మాటలకే ఇది నప్పుతుంది. వస్తువుల పేర్లకి తగిలిస్తే 'బట్టబల్బు' లాంటివి వచ్చి, బట్టతో చేశారేమో అనిపిస్తుంది.

వాక్యంలో నడిపించి చూడండి

మాట పుట్టగానే మురిసిపోకండి. దాన్ని బహువచనం చేయండి, క్రియ చేయండి, '-న' తగిలించండి. తిప్పులాట → 'పది నిమిషాలు తిప్పులాడాను', బాగుంది. తలుపులికిపాటు → 'తలుపులికిపడ్డాను', ఇంకా బాగుంది. కోడుపోటు → 'రాత్రి రెండు కోడుపోట్లు', సరే. ఇప్పుడు తెరపాటు. పొరపాటుకి పొరపడు ఉంది గనక తెరపడు అనాలి. 'నిన్న నేను తెరపడ్డాను.' చిక్కు వచ్చింది! తెరపడటమంటే కథ ముగిసిపోవడం. వినేవాళ్లు కంగారుపడతారు. అంచేత తెరపాటుని నామవాచకంగానే ఉంచి 'తెరపాటు జరిగింది', 'తెరపాటున వెళ్లింది' అని మాత్రమే వాడాలి. ఇలాంటి పాత అర్థాల గుద్దులాట ముందే తెలిస్తే మాటకి ఏ రూపాలు నడుస్తాయో రాసి పెట్టుకోవచ్చు.

అతుకు దగ్గర మూడో మాట పుడుతుందేమో కూడా చూసుకోండి. కాగితం మీద పెద్దమనిషిలా ఉన్న మాట, వేగంగా ఐదుసార్లు పలికితే బూతుగా తేలొచ్చు. వేరే జిల్లా మనిషి చేత ఒకసారి చదివించడం మంచిది.

చెడేది ఎక్కువగా ఇంకో రెండు చోట్ల. '-ఇటిస్', '-ఫోబియా' తగిలించి 'మరుపైటిస్' అనడం బద్ధకం. ఏ చిరాకుకైనా అతికేది ఏ చిరాకుకీ సొంతం కాదు. రెండోది, జరిగినదాన్ని వదిలి మనిషి ఒంటినో, యాసనో, ఊరినో వెక్కిరించడం. నొక్కుబోతు అంటే నొక్కినాయన కూడా నవ్వుతాడు, ఎందుకంటే అది ఆ లిఫ్టు దిగేవరకే. ఒంటికి పెట్టిన పేరు దిగదు. పొడవు విషయానికొస్తే నాలుగైదు అక్షరాలు హాయి. తలుపులికిపాటుకి ఏడు, అదే హద్దు.

అర్థం రాసేటప్పుడు మొహం బిగించుకోండి. పాత నిఘంటువుల తీరులో (దే. అంటే దేశ్యం, వి. అంటే విశేష్యం, నామవాచకమే):

తిప్పులాట (దే. వి.): ప్లగ్గు లేదా కేబుల్ పట్టక, దాన్ని తిప్పి తిప్పి చివరికి మొదటి వైపుకే చేరడం. ఉదా. 'తిప్పులాటలో మునిగిపోయిన వారికి కరెంటు రావడమూ పోవడమూ రెండూ తెలియలేదు.'

అర్థంలో జోకు వద్దు, పదిహేను మాటలు మించొద్దు. అల్లరంతా ఉదాహరణ వాక్యానికి వదిలేయండి.

చివరి పరీక్ష మనుషుల మీద. అర్థం చెప్పకుండా మామూలు మాటల మధ్యలో వాడేయండి. 'ఏంటీ?' అని అడిగితే ఒక్కసారి చెప్పండి. రెండోసారి చెప్పాల్సి వస్తే మాటని కొట్టేసి మళ్లీ వరుసల దగ్గరికి వెళ్లండి. వాళ్లంతట వాళ్లు మరో సందర్భానికి వాడితే నిలబడినట్టు. నిలబడ్డ మాట అరుగుతుంది కూడా: తలుపులికిపాటు ఏదో ఒక రోజు 'తలుపులికి' అయిపోతుంది. దిద్దబోకండి. నోటుబుక్కులో పాతదాని పక్కనే కొత్తది తేదీతో రాసుకోండి.