రోడ్‌షోకు ముందు కాల్వలు చూడండి

పెద్ద నాయకుడు వస్తున్నాడంటే ఆయన భద్రతకు ఒక లెక్క ఉంటుంది. అధికారులు ముందే వచ్చి వేదికనూ హెలిప్యాడ్‌నూ చూస్తారు. కాన్వాయ్‌తో ట్రయల్ రన్ వేస్తారు. దారిలో ఉన్న కల్వర్టులను బాంబు స్క్వాడ్ తనిఖీ చేస్తుంది. నెల్లూరు జిల్లాలో ఇదంతా అతి జాగ్రత్త అని ఎవరూ అనరు. 2007లో విద్యానగర్ సమీపంలో మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి కాన్వాయ్‌పై మందుపాతర పేలింది. ఆయన బయటపడ్డారు కానీ ముగ్గురు చనిపోయారు.

నాయకుణ్ణి చూడటానికి వచ్చే జనం కోసం మాత్రం అంత లెక్క ఎవరూ వేయరు. 2022 డిసెంబరు 28 రాత్రి కందుకూరులో చంద్రబాబు రోడ్‌షో దగ్గర తొక్కిసలాట జరిగి, పక్కనున్న మురుగుకాల్వలో జనం పడిపోయారు. 8 మంది చనిపోయారు. ఆ తర్వాత రోడ్లపై సభలను కట్టడి చేస్తూ ప్రభుత్వం ఇచ్చిన జీవో నంబరు 1ను 2023 మేలో హైకోర్టు కొట్టేసింది. జీవో పోయినా ఆ కాల్వల వంటివి మన ప్రతి పట్టణంలోనూ ఉన్నాయి.

అందుకే స్థానిక నిర్వాహకులు ఫ్లెక్సీల కంటే ముందు టేపు పట్టుకోవాలి. పది మీటర్ల వెడల్పున్న వీధిలో వంద మీటర్ల దూరానికి వెయ్యి చదరపు మీటర్లు వస్తాయి. ప్రచార రథం, దుకాణాల మెట్లు, బండ్లు, కాల్వ అంచులు తీసేస్తే ఏడు వందలు మిగలవచ్చు. చదరపు మీటరుకు నలుగురు చొప్పున వేసుకున్నా 2,800 మందికే చోటు. ఆరుగురు దాటితే మనిషి కదలిక అతని చేతిలో ఉండదు, గుంపు ఎటు తోస్తే అటు పోవాల్సిందే. చాలామంది కాళ్ల కింద నలిగి కాదు, ఛాతీ ఒత్తుకుపోయి ఊపిరాడక చనిపోతారు. ఇరుకు వీధి అయితే డ్రోన్ కెమెరాలో జనం నిండుగా కనిపిస్తారన్న ఆశ అన్ని పార్టీల్లోనూ ఉంది. ఆ ఆశతో స్థలం ఎంచుకునేవారికి ఏర్పాట్లు అప్పగించకూడదు.

మూత లేని కాల్వపై గట్టి చెక్కలు వేసి, దాని ముందు బ్యారికేడ్ కట్టాలి. ఒట్టి తాడు కడితే సరిపోదు. జనాన్ని గదుల్లా విడగొట్టి, ప్రతి గదికీ వెనుక వైపు దారి వదలాలి. 108 అంబులెన్సు వచ్చే సందులో ఆ రోజు ఒక్క మోటారు సైకిల్ కూడా నిలపకూడదు. క్రేన్‌కు వేలాడదీసే గజమాలలు కూడళ్లలో వద్దు: రథం ఆగుతుంది, ముందువాళ్లు ఆగుతారు, వెనుకవాళ్లకు ఆ సంగతి తెలియదు. విద్యుత్ తీగల కింద క్రేన్ ఉంటే ఆ ప్రమాదం వేరే.

వచ్చే సమయం విషయంలో అబద్ధం చెప్పవద్దు. నాయకుడు సాయంత్రం ఆరుకు వస్తాడని తెలిసీ జనాన్ని మూడింటికే ట్రాక్టర్లలో దించడం మనకు అలవాటు. 2025 సెప్టెంబరులో తమిళనాడులోని కరూరులో సినీనటుడు విజయ్ పార్టీ సభకు వచ్చినవారు గంటల తరబడి ఎదురుచూశారు. అక్కడ 41 మంది చనిపోయారు. ఆలస్యమైతే మైకులో చెప్పాలి, నీళ్లు అందించాలి. ఒంగోలు ఎండలో మే నెల సభ అయితే నీడ కూడా కావాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో నల్లరేగడి పొలాన్ని పార్కింగుకు ఇస్తే బస్సులన్నీ దిగబడి జనం రోడ్డు మీదే మిగిలిపోతారు.

సభకు వెళ్లేవారు పసిపిల్లలను తీసుకుపోకండి. కాల్వకూ బ్యారికేడ్‌కూ ఆనుకుని నిలబడకండి. ఒత్తిడి మొదలైతే మోచేతులు మడిచి ఛాతీ ముందు పెట్టుకోండి. తోపుకు ఎదురు తిరగకుండా దాంతో పాటే కదులుతూ, మధ్యమధ్య ఏటవాలుగా అంచుకు జరగండి. చెప్పు జారిపోయినా వంగవద్దు.

నాయకుడి కారు కదలగానే వాలంటీర్లు దాని వెంట పరుగెత్తడం మామూలే. సగం మందినైనా నిష్క్రమణ దారుల దగ్గరే ఉంచండి. చివరి మనిషి వెళ్లేదాకా జనరేటర్ ఆపవద్దు. అద్దె గంటల లెక్కన పెరుగుతుందని సప్లయర్ గొణిగినా సరే.