జపాన్ యువత మాటల్లో జెండర్‌ను ఎలా వినాలి, ఎలా బదులివ్వాలి

జపనీస్ భాషలో క్రియకు లింగభేదం లేదు. మనం 'వచ్చాడు', 'వచ్చింది' అని విడదీసి చెప్పే చోట వారు ఎవరినైనా ఒకే క్రియతో చెబుతారు. అయితే మనకు 'నేను' ఒక్కటే ఉంటే వారికి 'వతాషి', 'అతాషి', 'బొకు', 'ఒరె', 'ఉచి', 'జిబున్' వంటి మాటలు చాలా ఉన్నాయి. వాటిలో ఏది పలికారన్నదాన్ని బట్టి మాట్లాడే మనిషి తనను ఆడగానో, మగగానో, ఆ రెండింటికీ ఎడంగానో చూపుకోగలుగుతారు. చదువుకో, ఉద్యోగానికో జపాన్ వెళ్లేవారూ, ఆనిమేలకు (జపాన్ యానిమేషన్ చిత్రాలకు) తెలుగు సబ్‌టైటిళ్లు రాసేవారూ ఈ ఎంపికలను సరిగా విని, తగిన మర్యాదతో బదులివ్వడానికి పనికొచ్చే సూచనలు ఇవి.

ముందుగా పాఠ్యపుస్తకం ఇచ్చే పట్టికను పక్కన పెట్టాలి. మగవారు 'బొకు', 'ఒరె' అంటారని, ఆడవారు 'అతాషి' అంటారని, వాక్యం చివర 'వా', 'కషిరా' చేరుస్తారని ఆ పట్టిక చెబుతుంది. ఈ 'ఆడవారి భాష' ప్రాచీన సంప్రదాయమేమీ కాదు. మెయిజీ కాలంలో, 1880ల ప్రాంతంలో, బడికి వెళ్లే అమ్మాయిలు వాక్యాల చివర 'తెయొ', 'దవా' అని పలుకుతుంటే అది మోటు భాష అని పెద్దలు ఈసడించారు. తర్వాతి దశాబ్దాల్లో అదే భాష సున్నితమైన స్త్రీత్వానికి గుర్తుగా మారింది. నేటి యువతుల నోట 'కషిరా' అరుదుగానే వినిపిస్తుంది, కాని అనువాద నవలల్లోనూ, డబ్బింగ్ సినిమాల్లోనూ ఇంకా బతికే ఉంది. కాబట్టి ఒక అమ్మాయి అలా మాట్లాడకపోవడాన్ని తిరుగుబాటుగా లెక్కించకూడదు.

తర్వాత, ఏ మాట ఏ సందర్భంలో పలికారో గమనించాలి; నా దృష్టిలో అసలు విషయం ఇదే. 'వతాషి' అన్న మాటనే తీసుకుందాం. ఇంటర్వ్యూలో, ఆఫీసులో, సభలో స్త్రీపురుషులందరూ ఆ మాటే వాడతారు కాబట్టి తన జెండర్ గురించి చెప్పుకోవడం ఇష్టంలేని యువతకు అక్కడ అది మంచి నీడ. అదే మాట హైస్కూలు తరగతి గదిలో స్నేహితుల మధ్య పలికితే అమ్మాయిల మాటగా వినిపిస్తుంది, ఎందుకంటే ఆ వయసు అబ్బాయిలు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు సాధారణంగా 'ఒరె' అనో, 'బొకు' అనో అంటారు. పుట్టుకతో అమ్మాయిగా నమోదై తనను అబ్బాయిగా ఎరిగిన విద్యార్థికి ఆ గదిలో 'వతాషి' అనడం ఎంత బరువో, 'ఒరె' అనడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించవచ్చు. కొందరు 'జిబున్' అన్న మాటను ఆశ్రయిస్తారు. క్రీడా జట్లలో, సైన్యంలో వినిపించే ఈ మాటకు కొంత పురుషచ్ఛాయ ఉన్నా, 'తాను' అన్న అర్థం వల్ల తటస్థంగానూ చెల్లుతుంది. ఒసాకా, క్యోటో నగరాలున్న కన్సాయ్ ప్రాంతంలో మాత్రం 'జిబున్' అంటే 'నువ్వు' అని కూడా అర్థం కాబట్టి అక్కడ జాగ్రత్తగా వినాలి. ఆ ప్రాంతం నుంచే 'ఉచి' అన్న మాట ఇతర ప్రాంతాల అమ్మాయిల్లోకి పాకింది. ఇవేవీ నచ్చనివారు తమ పేరునే వాడుకుంటారు, లేదా కర్తను పూర్తిగా వదిలేస్తారు. జపనీస్ వ్యాకరణం అందుకు హాయిగా ఒప్పుకుంటుంది.

రాతలో ఇంకో సూక్ష్మం ఉంది. జపనీస్‌ను కంజీ, హిరగానా, కటకానా అన్న మూడు లిపుల్లో రాస్తారు. 'బొకు'ను కంజీలో రాయడం, హిరగానాలో రాయడం, కటకానాలో రాయడం ఒకేలా ధ్వనించవు. ఒక అమ్మాయి చాటింగ్‌లో కటకానాలో 'బొకు' అని రాసిందంటే అది ఆటగా కావచ్చు, ఇష్టమైన పాత్రను అనుకరించడం కావచ్చు, తన గురించిన నిజం కావచ్చు. ఒక్క సర్వనామాన్ని పట్టుకుని ఎదుటివారి గుర్తింపును తేల్చేయడం అన్యాయం.

'ఒనే కొతొబా' విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. స్త్రీల భాషను అతిశయంగా మార్చి పురుషులు మాట్లాడే ఈ శైలి టీవీ వినోద కార్యక్రమాల వల్ల ఇంటింటికీ తెలిసింది. దాంతో గే యువకులందరూ అలాగే మాట్లాడతారన్న భ్రమ బలపడింది. టోక్యోలో గే బార్లకు పేరుపొందిన షింజుకు ని-చోమెలో అది చతురోక్తులకు పనికొచ్చే శైలి. అక్కడికి వచ్చేవారిలోనూ 'ఒరె' అంటూ మామూలుగా మాట్లాడేవారు ఉన్నారు.

ఇక మీరు మాట్లాడేటప్పుడు పాటించవలసినవి చూద్దాం. పేరు చివర అబ్బాయిలకు 'కున్', అమ్మాయిలకు 'చాన్' తగిలించి పిలవడం కంటే అందరికీ 'సాన్' చేర్చడం మేలు. చాలా బడులు కూడా ఇప్పుడు ఇదే పద్ధతి పాటిస్తున్నాయి. ఒక యువకుణ్ని 'నీకు కనొజొ (గర్ల్‌ఫ్రెండ్) ఉందా' అని అడిగితే అతను అమ్మాయినే ప్రేమిస్తాడని ముందే తేల్చినట్టు అవుతుంది. 'కొయిబితొ' (ప్రేమించే మనిషి) అనో, 'పార్ట్‌నర్' అనో అడిగితే జవాబుకు చోటు మిగులుతుంది. అవతలివారే అలాంటి మాట ఎంచుకుంటే, ఆ మనిషి ఆడా మగా అని తరచి అడగవద్దు.

గే పురుషులను కించపరిచే 'ఒకామా', 'హొమొ', లెస్బియన్లను కించపరిచే 'రెజు' అన్న మాటలు గాయపరుస్తాయి. కొందరు తమ గురించి తాము వాడుకున్నా అవి మనం వాడదగినవి కావు. స్త్రీపురుష విభజనలో ఇమడనివారు చెప్పుకునే 'ఎక్స్ జెండర్' అన్న మాట 1990ల కన్సాయ్ బృందాల నుంచి వచ్చింది. పాటలతో పేరుపొందిన ఉతాదా హికారు 2021లో తాను నాన్‌బైనరీ (ఆడ, మగ అన్న రెంటిలోనూ ఇమడని మనిషి) అని ప్రకటించారు. ఎవరు ఏ పేరు చెప్పుకుంటే దాన్నే తిరిగి పలకాలి.

ఒకరు తమ జెండర్ గురించో, ప్రేమ గురించో మీతో చెప్పిన సంగతిని వారి అనుమతి లేకుండా మూడో మనిషికి చేరవేయడాన్ని జపాన్‌లో 'ఔటింగ్' అంటారు. 2015లో టోక్యో శివారులోని హితొత్సుబాషి విశ్వవిద్యాలయంలో, ఒక విద్యార్థి గే అన్న విషయాన్ని సహవిద్యార్థి బయటపెట్టిన తర్వాత ఆ విద్యార్థి భవనంపై నుంచి పడి మరణించారు. ఆ విశ్వవిద్యాలయం ఉన్న కునితాచి నగరం 2018లో అమల్లోకి తెచ్చిన నిబంధనలో ఔటింగ్‌ను నిషేధించింది. మంచి ఉద్దేశంతోనైనా సరే, అనుమతి లేనిదే ఎవరికీ చెప్పవద్దు.

చివరిగా తెలుగు చేసేవారికి. జపనీస్‌లో దాచగలిగినదాన్ని మన క్రియ బయటపెట్టేస్తుంది. పాత్ర జెండర్‌ను మూలం చెప్పనప్పుడు 'వచ్చాడు', 'వచ్చింది' అని తేల్చకుండా 'తను' అన్న సర్వనామాన్ని, 'వచ్చారు' అన్న క్రియను వాడుకోవచ్చు. స్నేహితుల సంభాషణలో ఆ మన్నన అతకనట్టుంటే వాక్యాన్ని 'తను రావడంతో', 'తను వచ్చాక' అన్న తీరుగా మలచవచ్చు. ఎక్స్ జెండర్‌ను 'హిజ్రా' అని రాయవద్దు. హిజ్రాలది సొంత ఆచారాలూ బంధుత్వాలూ ఉన్న సమాజం. మన సినిమాల్లో అలవాటైన 'తేడా' అన్న వెక్కిరింపును, మూలంలో పాత్ర ఎదుటివారిని నిజంగానే అవమానిస్తున్న చోట తప్ప రానివ్వకూడదు.